మాన్యువల్ థెరపీ అడ్వాన్స్‌డ్ కోర్సులు: చేతికి ఏది వస్తుంది, ఏది రాదు

"రెండు రోజుల్లో అరవై టెక్నిక్‌లు" అని రాసిన మాన్యువల్ థెరపీ (చేతులతో కీళ్లకు చేసే చికిత్స) కోర్సు ప్రకటన కనపడితే ముందు లెక్క వేయండి. రోజుకు ఏడు గంటల చొప్పున రెండు రోజులంటే 840 నిమిషాలు. అరవైతో భాగిస్తే ఒక్కో టెక్నిక్‌కు 14 నిమిషాలు. ట్యూటర్ చేసి చూపించడానికి నాలుగు పోతే, మిగిలిన పదిలో మీకు ఐదు, మీ జోడీకి ఐదు. టీ విరామాలు, సర్టిఫికెట్ పట్టుకుని దిగే ఫొటోలు ఇందులో లేవు. కీలు కదలిక చివర్లో వచ్చే బిగువును పసిగట్టడం ఐదు నిమిషాల్లో ఏ చేతికీ రాదు. అక్కడ నేర్చుకునేది చెయ్యి ఎక్కడ పెట్టాలో మాత్రమే. అదైతే వీడియోలోనూ దొరుకుతుంది.

బి.పి.టి. లేదా ఎం.పి.టి. పూర్తిచేసి, కండరాలు, ఎముకలు, కీళ్ల సమస్యల మీదే పని చేయాలనుకునే ఫిజియోథెరపిస్టుల కోసం ఈ సమీక్ష. మెయిట్‌లాండ్, కాల్టెన్‌బోర్న్, ముల్లిగన్, మెకెంజీ అనే నాలుగు పెద్ద దారులనూ, వాటి పక్కన నడిచే థ్రస్ట్ (కీలును ఒక్క వేగమైన తోపుతో కదిలించడం) కోర్సులనూ తూచి చూద్దాం. మూడు ప్రశ్నలే కొలబద్ద. పేషెంట్‌ను చూసి ఆలోచించడం నేర్పుతున్నారా? చేసినదాన్ని వెంటనే తిరిగి పరీక్షించే అలవాటు చేస్తున్నారా? అసలు పేషెంట్ల మీద, పక్కన అనుభవజ్ఞుడు నిలబడి ఉండగా చేయిస్తున్నారా?

మూడో ప్రశ్నకు ప్రపంచం ఒప్పుకున్న కొలత ఒకటి ఉంది. ఐఫాంప్ట్ అని పిలిచే మాన్యువల్ ఫిజియోథెరపిస్టుల అంతర్జాతీయ సమాఖ్య 1974లో మాంట్రియల్‌లో మొదలైంది. ఇప్పుడు వరల్డ్ ఫిజియోథెరపీ అంటున్న సంస్థకు 1978 నుంచి అది ఉపసంఘం. స్పెషలిస్ట్ స్థాయి మాన్యువల్ థెరపీ శిక్షణకు ఆ సమాఖ్య విద్యా ప్రమాణాల్లో పెట్టిన కనీస గంటలు ఇవి: థియరీ 200, చేతిపని సాధన 150, మెంటార్ పర్యవేక్షణలో పేషెంట్లతో 150. మొత్తం 500. వారాంతపు కోర్సు 14 గంటలు. కాబట్టి దాన్ని పరిచయం అనుకుని వెళ్తే నష్టం లేదు. పేరు చివర నాలుగు అక్షరాలు తగిలించుకుని స్పెషలిస్టునైపోయానంటే మాత్రం నేల విడిచి సాము చేసినట్టే.

మెయిట్‌లాండ్ దారి

ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జెఫ్రీ మెయిట్‌లాండ్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి గ్రేడ్‌లు. ఒకటో గ్రేడ్ కదలిక మొదట్లో చిన్న ఊపు. రెండోది పెద్ద ఊపే కానీ బిగువును తాకదు. మూడోది పెద్ద ఊపు, బిగువులోకి వెళ్తుంది. నాలుగోది బిగువులోనే చిన్న ఊపు. థ్రస్ట్‌ను ఐదో గ్రేడ్ అంటారు. పరీక్షల్లో అడిగేది ఇంతే కాబట్టి చాలా కోర్సులూ ఇక్కడే ఆగుతాయి. కోర్సు విలువ తేలేది మాత్రం పేషెంట్‌ను ముట్టుకునే ముందు జరిగే సంభాషణలో.

నొప్పి ఎంత తీవ్రం, ఎంత త్వరగా రేగుతుంది, దాని స్వభావం ఏమిటి అన్న మూడు లెక్కలు తేలాకే గ్రేడ్ తేలుతుంది. ఇద్దరు నడుము నొప్పి పేషెంట్లను ఊహించండి. ఒకరికి ఐదు నిమిషాలు కూర్చుంటే నొప్పి లేస్తుంది, సద్దుమణగడానికి రెండు గంటలు పడుతుంది. ఇంకొకరికి అరగంట నడిచాక వస్తుంది, కూర్చున్న ఐదు నిమిషాలకు పోతుంది. నొప్పి స్కేల్ మీద ఇద్దరూ ఆరే అంటారు. మొదటివారికి ఒకటి, రెండు గ్రేడ్‌ల్లో 20, 30 సెకన్లు చేసి ఆపి, మళ్లీ పరీక్షించాలి. రెండోవారికి మూడు, నాలుగు గ్రేడ్‌ల్లో నిమిషం చొప్పున మూడు, నాలుగు సార్లు చేయవచ్చు. ఈ తేడా పట్టుకోకుండా మొదటివారికి నాలుగో గ్రేడ్ ఇచ్చారా, ఆ రాత్రి వారికి నిద్ర ఉండదు, రెండో అపాయింట్‌మెంట్‌కు రారు. టెక్నిక్ తప్పలేదు, మోతాదు తప్పింది. ఈ దారిలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇంకో మంచి అలవాటు నక్షత్రం గుర్తు. పేషెంట్ ఫిర్యాదును అచ్చంగా రేపే ఒకటి రెండు కదలికలను పరీక్షలో పట్టుకుని, నోట్స్‌లో వాటి పక్కన నక్షత్రం వేస్తారు. ప్రతి మోతాదు తర్వాతా ఆ కదలికనే మళ్లీ చేయించి చూస్తారు. ముందుకు వంగితే చేతివేళ్లు మోకాలి చిప్ప దగ్గర ఆగాయి, ఇప్పుడు పిక్క మధ్యకు వచ్చాయి. అలాంటిదే గుర్తు. "కాస్త తేలిగ్గా ఉందా అండీ?" అని అడగడం పరీక్ష కాదు. మొహమాటానికైనా సగం మంది ఉందనే అంటారు.

ఈ దారిలో బలహీనత వెన్నుపూసల మధ్య కదలికను వేళ్లతో పసిగట్టే భాగం. ఫలానా పూస బిగుసుకుందని ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు ఒప్పుకునే అవకాశం తక్కువని పరిశోధనలు పదేపదే చూపించాయి. నొక్కినప్పుడు నొప్పి ఎక్కడ రేగింది అన్న విషయంలో ఏకాభిప్రాయం అంతకంటే మెరుగు. ఈ మాట మొదటి రోజే ఒప్పుకునే ట్యూటర్‌ను నమ్మవచ్చు. "నా వేళ్లకు తెలుస్తుంది, మీకూ పదేళ్లకు తెలుస్తుంది" అనేవారి దగ్గర కాస్త జాగ్రత్త.

కాల్టెన్‌బోర్న్ గురించి క్లుప్తంగా

నార్వేకు చెందిన ఫ్రెడ్డీ కాల్టెన్‌బోర్న్ దారిలో కీలు ఉపరితలాలను విడదీయడం, జార్చడం ప్రధానం. మూడు గ్రేడ్‌లు: వదులు చేయడం, ఉన్న వదులును లాగి తీసేయడం, సాగదీయడం. పుటాకార ఉపరితలానికి సమాంతరంగా ఉండే తలమే దిక్సూచి. లంబంగా లాగితే ట్రాక్షన్, సమాంతరంగా జార్చితే గ్లైడ్. చేతి పట్టు, శరీర భారం వాడకం, బెల్టుతో స్థిరపరచడం ఇక్కడ నేర్పినంత శుభ్రంగా ఇంకెక్కడా నేర్పరు. కొత్తవారికి చేతి క్రమశిక్షణ రావాలంటే ఇది మంచి మొదలు.

కుంభాకార, పుటాకార సూత్రాన్ని మాత్రం శాసనంలా పట్టుకోకూడదు. భుజం బయటికి తిరగడం తగ్గితే, హ్యూమరస్ (పై చేతి ఎముక) తల కుంభాకారం కనుక ముందుకు జార్చాలని సూత్రం చెబుతుంది. ఫ్రోజెన్ షోల్డర్ (బిగుసుకుపోయిన భుజం) మీద 2007లో వచ్చిన ఒక ట్రయల్‌లో జరిగింది వేరు. వెనక్కి జార్చిన గుంపులో బయటి తిప్పు సగటున 31 డిగ్రీలు పెరిగింది, ముందుకు జార్చిన గుంపులో 3 డిగ్రీలే. కీలు చుట్టూ ఉండే పొర (క్యాప్సూల్) ఎక్కడ బిగుసుకుందన్నది కూడా తల ఎటు జరుగుతుందో నిర్ణయిస్తుంది. కోర్సులో ఈ ట్రయల్ ప్రస్తావన వచ్చిందా లేదా అన్నది, సిలబస్ ఎన్నేళ్ల కిందట దుమ్ము దులిపారో చెబుతుంది.

ముల్లిగన్: ఖర్చుకు తగ్గ ఫలితం

సోమవారం ఉదయం క్లినిక్‌కు వెళ్లగానే పనికొచ్చేది కావాలంటే న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ ముల్లిగన్ పద్ధతే ముందు. థెరపిస్ట్ గ్లైడ్ పట్టి ఉంచుతాడు, పేషెంట్ నొప్పి పుట్టే కదలికను తానే చేస్తాడు. సరిగ్గా కుదిరితే నొప్పి లేకుండా, అక్కడికక్కడే మార్పు రావాలి, అది నిలవాలి. మూడింటిలో ఏది లేకపోయినా ఆ టెక్నిక్ ఆ పేషెంట్‌కు కాదు. ఇంత స్పష్టంగా ఆగమని చెప్పే నియమం ఇంకే దారిలోనూ లేదు. దీనికి ఎక్కువ మార్కులు పడేది అందుకే.

అయితే అతి సులువుగా కనపడేదీ, అతి సులువుగా చెడేదీ ఇదే. టెన్నిస్ ఎల్బో (మోచేయి బయటివైపు నొప్పి) గ్లైడ్ చూడండి. పేషెంట్ వెల్లకిలా, మోచేయి చాపి, అరచేయి కిందికి. ఒక చేత్తో హ్యూమరస్ కింది భాగాన్ని బయటివైపు నుంచి పట్టి స్థిరపరచాలి. రెండో చేతిని, లేదా బెల్టును, కీలు గీతకు సరిగ్గా కింద ముంజేతి లోపలివైపు పెట్టి బయటికి జార్చాలి. పట్టు వదలకుండా పేషెంట్ చేత పిడికిలి బిగించాలి. ఆరు నుంచి పది సార్లు, మూడు విడతలు. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. బెల్టు కీలు గీత నుంచి మూడు నాలుగు వేళ్లు కిందికి జారితే గ్లైడ్ పోయి మోచేయి వంకర తిరుగుతుంది. పై చెయ్యి గట్టిగా పట్టకపోతే చెయ్యి మొత్తం కదులుతుంది, కీలు కదలదు. బెల్టు అంచు అల్నా (ముంజేతి లోపలివైపు ఎముక) మీద ఒత్తితే ఆ నొప్పినే పేషెంట్ "తగ్గలేదు" అంటాడు. పల్చటి స్పాంజి ముక్క పెట్టగానే అదే టెక్నిక్ పని చేస్తుంది. అప్పటికీ నొప్పి పూర్తిగా పోకపోతే దిశను కాస్త ముందుకో వెనక్కో మార్చాలి, ఐదు డిగ్రీలు చాలు. నాలుగు దిశలూ చూశాక కూడా మారకపోతే వదిలేయాలి. కొలవడానికి గ్రిప్ డైనమోమీటర్ (పట్టు బలం కొలిచే పరికరం) వాడాలి, నొప్పి మొదలయ్యేలోపు ఎంత బలంగా పట్టగలిగారన్నది రాసుకోవాలి. గరిష్ఠ బలం ఇక్కడ అక్కర్లేదు.

చీలమండకు చేసేది ఇంకా కష్టం. పేషెంట్ పాదం స్టూల్ మీదో నేల మీదో బరువు మోపి ఉంటుంది. బెల్టు పేషెంట్ టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కింది భాగం వెనక నుంచి థెరపిస్ట్ తుంటి చుట్టూ. ఒక చెయ్యి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగంతో టాలస్‌ను (టిబియా కింద ఉండే చీలమండ ఎముకను) ముందునుంచి ఆపుతుంది. పేషెంట్ మోకాలు ముందుకు తోస్తుండగా థెరపిస్ట్ వెనక్కి వాలి టిబియాను ముందుకు లాగుతాడు. టిబియా వాలుతున్న కొద్దీ బెల్టు దానికి లంబంగానే ఉండాలి. అంటే పేషెంట్ ముందుకు వచ్చే కొద్దీ మీ తుంటి ఎత్తు మారాలి. నూటికి తొంభై మంది నిలబడ్డచోటే శిలలా నిలబడతారు. అప్పుడు కదలిక చివర్లో బెల్టు కోణం తప్పి కీలు మెలిపడుతుంది, ముందువైపు పట్టేసినట్టు నొప్పి వస్తుంది. అకిలిస్ స్నాయువు మీద ఫోమ్ తప్పనిసరి. ముందూ తర్వాతా మోకాలు గోడకు తాకే పరీక్షలో బొటనవేలికీ గోడకూ దూరాన్ని సెంటీమీటర్లలో కొలవాలి. ఒక సెంటీమీటర్ అంటే సుమారు 3.6 డిగ్రీల డార్సీఫ్లెక్షన్ (పాదం పైకి వంగడం). కళ్లతో చూసి "బాగా పెరిగింది" అనే ట్యూటర్ కంటే టేపు జేబులో పెట్టుకుని తిరిగే ట్యూటర్ మేలు.

మెడ స్నాగ్‌లలో (పూసను జార్చి పట్టి ఉంచి తల తిప్పించే టెక్నిక్‌లలో) దిశ తప్పడమే పెద్ద సమస్య. మధ్య మెడ ఫేసెట్‌లు (పూసల మధ్య చిన్న కీళ్లు) దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. కాబట్టి తోపు పేషెంట్ కంటిగుడ్డు వైపు, ఏటవాలుగా పైకి వెళ్లాలి. నేరుగా ముందుకు నొక్కితే ఫేసెట్‌లు ఒకదానిమీదొకటి ఒత్తుకుంటాయి. తల తిప్పి తిరిగి మధ్యకు వచ్చేదాకా గ్లైడ్ వదలకూడదు. చాలామంది చివర్లోనే వదిలేస్తారు, తిరుగు దారిలో చురుక్కుమంటుంది. మెడ నుంచి వచ్చే తలనొప్పికి మెడను పూర్తిగా ముందుకు వంచి తిప్పే పరీక్షను ఈ కోర్సుల్లో బాగా నేర్పుతారు. మామూలుగా పక్కకు 44 డిగ్రీల దాకా తిరుగుతుంది, 32 కంటే తగ్గితే సి1-సి2 (మెడ పైనున్న మొదటి రెండు పూసలు) మీద అనుమానం. తిప్పేటప్పుడు వంపు సడలితే కింది పూసలు తోడొచ్చి పరీక్ష తప్పుగా మామూలని తేలుతుంది.

లోటు కూడా చెప్పాలి. ఎముక స్థానం కొద్దిగా తప్పింది, దాన్ని సరిచేస్తున్నాం అన్న పాత వివరణను కొన్నిచోట్ల ఇంకా బల్లగుద్ది చెబుతున్నారు. ఫలితం నిజం, ఆ వివరణకు ఆధారం బలహీనం. నాడీ వ్యవస్థ నొప్పిని మోసే తీరు మారడమే ప్రధాన కారణమని ఇప్పటి అవగాహన. ఇది ఊరికే సిద్ధాంత చర్చ కాదు. "మీ ఎముక జరిగింది, నేను సరిచేశాను" అని విన్న పేషెంట్ మళ్లీ నొప్పి రాగానే ఎముక మళ్లీ జరిగిందనుకుంటాడు. వంగడం మానేస్తాడు. చేతితో ఇచ్చిన మేలును నోటితో చెరిపేసినట్టు.

మెకెంజీ: చేతులు కట్టుకుని నేర్చుకునే కోర్సు

టెక్నిక్‌ల కోసం వెళ్లినవారు నిరాశపడేది ఇక్కడే. న్యూజిలాండ్‌కే చెందిన రాబిన్ మెకెంజీ దారిలో మొదటి అస్త్రం పేషెంట్ కదలిక, థెరపిస్ట్ చెయ్యి తర్వాతి మాట. ఎ, బి, సి, డి అనే నాలుగు భాగాలు, ఆపైన క్రెడెన్షియల్ పరీక్ష, కావాలంటే దాని తర్వాత డిప్లొమా. మెట్లు స్పష్టంగా ఉండడం, పరీక్షలో తప్పే అవకాశం నిజంగా ఉండడం దీని బలం.

ఒకే దిశలో కదలికను పదేపదే చేయించి నొప్పి ఎటు పోతోందో చూడడం దీని గుండె. కాలిలో ఉన్న నొప్పి పిరుదుకు, పిరుదు నుంచి నడుము మధ్యకు వస్తే మంచి గుర్తు. నడుము నుంచి పిక్కలోకి పాకితే ఆ దిశ ఆపాలి. కొత్తవారు తప్పేది మధ్య పరిస్థితిలో. కాలి నొప్పి తగ్గుతూ నడుము నొప్పి పెరుగుతుంటే పేషెంట్ భయపడతాడు, థెరపిస్ట్ అంతకంటే ముందే భయపడి ఆపేస్తాడు. అక్కడ కొనసాగించడమే సరైనది. అలా అని చెప్పగలిగే ధైర్యం స్లైడ్‌లు చూస్తే రాదు, ట్యూటర్ నిజమైన పేషెంట్‌ను పిలిచి అందరి ముందూ పరీక్షిస్తే వస్తుంది. ఈ కోర్సుల్లో అది జరుగుతుంది. మొత్తం సమీక్షలో ఎక్కువ మార్కులు పడే అంశం ఇది.

బోర్లా పడుకుని చేతులతో పైకి లేచే వ్యాయామం అందరికీ తెలుసనుకుంటారు. పది సార్లు, రెండు మూడు గంటలకోసారి. చెడేది వివరాల్లో. మోచేతులు పూర్తిగా చాపరు. కటిభాగం మంచాన్ని వదిలి లేస్తుంది. పైకి వెళ్లాక ఊపిరి వదిలి నడుమును జారవిడవరు. దాంతో కదలిక చివరి అంచు చేరదు, "మెకెంజీ పని చేయలేదు" అని కార్డు మీద రాస్తారు. నడుము పక్కకు వాలి ఉన్న పేషెంట్‌కు ముందు ఆ వాలు సరిచేయకుండా ఇదే వ్యాయామం ఇస్తే కాలి నొప్పి పెరగడం ఖాయం. ముందు గోడకు భుజం ఆన్చి తుంటిని పక్కకు జార్చే కదలిక, తర్వాతే వెనక్కి వంగడం.

లోటేమిటంటే, అందరినీ డిరేంజ్‌మెంట్ (కీలు లోపల అడ్డు), డిస్‌ఫంక్షన్ (కుంచించుకుపోయిన కణజాలం), పోశ్చర్ (భంగిమ) అనే మూడు గదుల్లోకి దూర్చాలన్న ఉత్సాహం. ఏ గదిలోనూ ఇమడనివారికి వేరే గది ఉందని కోర్సులో చెబుతారు కానీ దానికిచ్చే సమయం తక్కువ. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్నవారికి ఇది ఒక్కటే చాలదు.

సాక్రోఇలియాక్ కీలు (వెన్ను అడుగు ఎముకకూ కటి ఎముకకూ మధ్య కీలు) దగ్గర ఈ దారులు ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో తెలుస్తుంది. ఆ కీలు కదిలేది రెండు మూడు డిగ్రీల లోపే. పైకి జరిగింది, ముందుకు తిరిగింది అని వేళ్లతో తేల్చే పరీక్షలు ఇద్దరు పరీక్షకుల మధ్య కూడా కుదరవు. డిస్ట్రాక్షన్, థై థ్రస్ట్, కంప్రెషన్, సేక్రల్ థ్రస్ట్, గేన్స్‌లెన్ వంటి నొప్పి రేపే పరీక్షల్లో మూడు వస్తేనే అనుమానం గట్టిపడుతుంది. ముందుగా మెకెంజీ పద్ధతిలో పరీక్షించి, నొప్పి మధ్యకు చేరేవారిని పక్కన పెడితే ఈ పరీక్షల కచ్చితత్వం ఇంకా పెరుగుతుంది. రెండు దారులనూ ఇలా కలిపి నేర్పే కోర్సులు దొరికితే వదలకండి. అలా కాక, ఎడమ మోకాలి నొప్పికి కుడి దవడ కారణమని తొలి గంటలోనే తేల్చేసే కోర్సులూ ఉన్నాయి. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమన్న మాటను అవి మరీ అక్షరాలా పాటిస్తున్నాయి.

థ్రస్ట్ కోర్సులు: ఇక్కడ మార్కులు కావు, షరతులు

టప్పున చప్పుడు వచ్చిందంటే తరగతిలో చప్పట్లు. ఆ చప్పుడు కీలులోని వాయువు బుడగకు సంబంధించినది. మళ్లీ రావడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గురిపెట్టిన పూస దగ్గరే వస్తుందన్న హామీ లేదు, పక్క పూసల్లో రావడం మామూలే. చప్పుడు రాకపోయినా ఫలితం రావచ్చు. కాబట్టి చప్పుడును విజయంగా లెక్కపెట్టే కోర్సు అసలు విషయం వదిలేసినట్టే. చప్పుడు రాలేదని రెండు, మూడు, నాలుగు సార్లు బలం పెంచుకుంటూ పోవడం దాని ఫలితం. పేషెంట్‌కు దెబ్బ తగిలేది అప్పుడే.

క్రమం చూడండి. వెన్ను మధ్య భాగంతో మొదలుపెట్టి, తర్వాత నడుము, చివర మెడ నేర్పాలి. మొదటి రోజే మెడ తిప్పించే కోర్సుకు వెళ్లవద్దు. మెడ ముట్టుకునే ముందు రక్తనాళాల ప్రమాదం అంచనా వేయడానికి ఐఫాంప్ట్ విడుదల చేసిన చట్రం 2020లో సవరించిన రూపంలో ఉంది. దాన్ని కనీసం సగం పూట చదివించి, కేసుల మీద చేయించాలి. తల తిప్పి పట్టుకుని కళ్లు తిరుగుతాయేమో చూసే పాత పరీక్ష ఒక్కటే నేర్పితే చాలదు, దాని నిర్ధారణ శక్తి చాలా తక్కువ. ఒక వస్తువు రెండుగా కనపడడం, మాట తడబడడం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి కూలబడడం లాంటి లక్షణాల జాబితా బట్టీ పట్టించడం కూడా సరిపోదు. ధమని గోడ చీలిక మొదట్లో మెడ నొప్పిగా, తలనొప్పిగా మాత్రమే కనపడవచ్చు. "ఇలాంటి నొప్పి ఇంతకుముందెప్పుడూ లేదు" అన్న ఒక్క మాట దగ్గర ఆగాలి. బి.పి. కొలవాలి, కపాల నాడులు పరీక్షించాలి. కోర్సు గదిలో బి.పి. పరికరం లేదంటే ఆ కోర్సు గురించి తెలియాల్సింది తెలిసిపోయినట్టే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్, డౌన్ సిండ్రోమ్, ఇటీవలి ప్రమాదం ఉన్నవారిలో పై మెడ లిగమెంట్లు వదులై ఉండవచ్చు. ఎముకలు గుల్లబారినవారు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవారు, రక్తం పల్చబరిచే మందుల మీద ఉన్నవారు వేరే జాబితా. నడుము వైపు వస్తే, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం, రెండు కాళ్లలోనూ నొప్పి వస్తే కాడా ఈక్వైనా (వెన్నుపాము చివరి నరాల గుత్తి నొక్కుకుపోవడం) అనుమానించి వెంటనే ఆస్పత్రికి పంపాలి. ఇవన్నీ డిగ్రీలో చదివినవే, నిజమే. కానీ మంచి కోర్సులో ఇవి స్లైడ్‌లో ఉండవు, కేసులో దాగి ఉంటాయి. ట్యూటర్ పేషెంట్‌గా నటిస్తూ, అడిగితేనే చెబుతాడు. అడగనివారు ఆ రోజు తరగతిలోనే బయటపడతారు. క్లినిక్‌లో బయటపడడం కంటే అది ఎంతో నయం.

థ్రస్ట్ చేయడానికి ముందు పేషెంట్‌ను అదే భంగిమలో పది పదిహేను సెకన్లు పట్టి ఉంచి, ఎలా ఉందని అడగాలి. అసౌకర్యమన్నా, కండరం బిగుసుకున్నా ఆపాలి. సమ్మతి నోటితో తీసుకుని నోట్స్‌లో రాయాలి. థ్రస్ట్ చేసే అనుమతి విషయంలో దేశానికో నియమం ఉంది, అది మీ లైసెన్సు చెప్పాలి. కోర్సు సర్టిఫికెట్‌కు ఆ అధికారం లేదు.

ప్రకటనలో కనపడనివి

మంచాలు చూడండి. ఎత్తు మారని మంచాల మీద రెండు రోజులు మొబిలైజేషన్ చేస్తే నేర్చుకునేది వంగి పని చేయడమే. నిలబడి చేతులు వదిలితే పిడికిలి కణుపులు తాకే ఎత్తు నుంచి మొదలుపెట్టి, టెక్నిక్‌ను బట్టి మార్చాలి. ముంజేయి బల దిశలోనే ఉండాలి, బలం భుజాల నుంచి కాక శరీరం వాలు నుంచి రావాలి. ఈ వృత్తిలో బొటనవేలి నొప్పి సర్వసాధారణం. కీలు వెనక్కి వంగిన బొటనవేలితో నొక్కేవారిని ట్యూటర్ వచ్చి సరిచేయాలి, అరచేతి అంచున ఉండే పిసిఫాం ఎముకను వాడడం చూపించాలి. పన్నెండు మందికి ఒక ట్యూటర్ ఉంటే ఇది జరుగుతుంది. నలభై మందికి ఒకరుంటే అది ప్రదర్శన.

జోడీలను మార్చుతున్నారా అన్నది ఇంకోటి. స్నేహితులిద్దరూ రెండు రోజులు ఒకరి మీదొకరు చేసుకుంటే ఒకే శరీరం నేర్చుకున్నట్టు. సన్నవారు, లావువారు, బిగుసుకున్నవారు, కీళ్లు అతిగా వంగేవారు అందరి మీదా చెయ్యి పడాలి.

వ్యాయామం లేని మాన్యువల్ థెరపీ కోర్సుకు సగం మార్కులు కోయండి. పెరిగిన కదలికను పేషెంట్ అక్కడికక్కడే వాడాలి. భుజం పది డిగ్రీలు పెరిగితే ఆ పది డిగ్రీల్లోనే చెయ్యి ఎత్తించాలి, బరువు మోయించాలి, ఇంటికి అదే పంపాలి. లేదంటే మరుసటి వారానికి కదలిక మొదటికొస్తుంది. అలా రావడాన్ని కొన్ని క్లినిక్‌లు "ఇంకో పది సిట్టింగ్‌లు" అని అనువదిస్తాయి.

కొలతల గురించి కోర్సులో ఎంత మాట్లాడారో గమనించండి. గోనియోమీటర్‌లో (కీలు కోణం కొలిచే పరికరంలో) ఐదు డిగ్రీల తేడా కొలిచే చేతి పొరపాటే కావచ్చు. నొప్పి స్కేల్‌పై రెండు పాయింట్లు, నడుముకు వాడే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిపై పది పాయింట్లు మారితే పేషెంట్‌కు నిజంగా తేడా తెలిసినట్టని సాధారణంగా తీసుకుంటారు. ట్యూటర్ మూడు డిగ్రీలు పెంచి చూపించి చప్పట్లు అందుకుంటుంటే, వెనక వరుసలో కూర్చుని ఇది గుర్తు చేసుకోవచ్చు.

ఆన్‌లైన్ కోర్సుల మాటకొస్తే, థియరీకి, కేసు చర్చలకు అవి బాగానే ఉన్నాయి, కొన్నిసార్లు గదిలో చెప్పేదానికంటే మెరుగు. చేతిపనికి మాత్రం కాదు. రికార్డింగ్ చూసి రాసిన పరీక్షతో "సర్టిఫైడ్ మాన్యువల్ థెరపిస్ట్" బిరుదు ఇచ్చే చోట్లకు డబ్బు పంపవద్దు.

కోర్సు అయ్యాక ఇంట్లో చేయాల్సిన సాధనకు పెద్ద ఖర్చేమీ లేదు. మంచం మీద బరువు తూచే యంత్రం పెట్టి, దాని మీద మడతపెట్టిన తువ్వాలు వేయండి. అంకె చూడకుండా ఐదు కిలోల బలంతో నొక్కి, తర్వాత చూడండి. మొదటి వారం మూడుకూ తొమ్మిదికీ మధ్య ఎక్కడైనా వస్తుంది. పది కిలోలకూ అలాగే చేయండి. తర్వాత ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (లయ కొట్టే యాప్‌ను) నిమిషానికి 120కి పెట్టి, సెకనుకు రెండు ఊపుల చొప్పున నిమిషం పాటు నాలుగుకూ ఆరుకూ మధ్యే ముల్లు ఆడేలా చూడండి. డిజిటల్ యంత్రం దీనికి పనికిరాదు, ముల్లు ఉన్న పాతదే కావాలి. ఒకే థెరపిస్ట్ ఒకే గ్రేడ్ అనుకుంటూ వేర్వేరు బలాలు వాడడం తరచూ కనపడేదే. దానికి మందు ఈ తువ్వాలే.

నమోదుకు ముందు నిర్వాహకులకు నాలుగు ప్రశ్నలు పంపండి. ట్యూటర్ నిష్పత్తి ఎంత? నిజమైన పేషెంట్లు వస్తారా? చివర్లో చేతిపని పరీక్ష ఉందా, గతసారి అందులో ఎవరైనా తప్పారా? ఈ గంటలు ఏదైనా గుర్తింపు ఉన్న పెద్ద కోర్సులో జమ అవుతాయా? మూడో ప్రశ్నకు "మా దగ్గర అందరూ పాసే" అని గర్వంగా సమాధానం వస్తే, ఆ డబ్బు దాచుకోండి. డబ్బు పరిమితమైతే మెకెంజీ ఎ, బి భాగాలూ, ముల్లిగన్ మొదటి భాగమూ ముందు చేసి, ఏడాది పేషెంట్ల మీద వాడి, ఆపైనే మెంటార్ గంటలున్న పెద్ద ప్రోగ్రామ్‌కు వెళ్లడం మంచి వరుస. థ్రస్ట్ ఆ పెద్ద ప్రోగ్రామ్‌లో భాగంగానే నేర్చుకోండి, విడిగా వద్దు.

వెళ్లేటప్పుడు నిక్కరు, వీపు కనపడే పై బట్ట, సొంత బెల్టు, స్పాంజి ముక్కలు, కొలిచే టేపు తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి గోళ్లు కత్తిరించుకోండి. మెడ స్నాగ్ నేర్చుకునే రోజు మీ జోడీ గుర్తుపెట్టుకునేది మీ బొటనవేలి గోరునే.